అయ్య లెక్క

కాలేజీలో నాను "నేను" అంటాను. గేటు దాటి బస్సెక్కేక మళ్ళీ "నాను" అయిపోతాను. ఇది మా ఇంటి సంగతి కాబట్టి ఇందులో నానే. ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉంటే ఇక్కడే ఆగిపోండి, నాకేటి.

నా పేరు సాయిదుర్గ. కూర్మన్నపాలెం దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, పిల్లలకి సి భాష నేర్పుతాను. ఇల్లు మాత్రం వన్ టౌన్ సందుల్లో, చేపల రేవుకి నడిచెళ్ళే దూరం. నాకు కోపం ఎక్కువని కాలేజీలో అందరూ అంటారు. అది నా సొంతం కాదు. మా అమ్మ గంగాలమ్మ ముప్ఫయ్యేళ్ళు చేపలమ్మిన మనిషి. ఆవిడ నోటి ముందు నాదేపాటి.

మా అయ్య అప్పలరాజు రేవులో తట్టలు లెక్కెట్టేవాడు. బోటు గట్టుకొచ్చేక లోపల్నించి చేపల తట్టలు ఒక్కొక్కటీ పైకొత్తాయి. గట్టు మీద ఒక మనిషి నిల్చుని గొంతెత్తి లెక్క చెప్పాలి. రాసుకునే పని కాదు, అందరికీ వినబడే పని. ఇంజన్ల మోత, కాకుల గోల, ఐసు కొట్టే చప్పుడు, అన్నిటి మీదా అయ్య గొంతు తేలేది. "పదకొండూ... పన్నెండూ..." అని చివర సాగదీసి పాడినట్టు చెప్పేవాడు. ఆ లెక్కంటే బోటువాడికీ, కొన్నవాడికీ ఇద్దరికీ నమ్మకమే. నలభయ్యేళ్ళలో ఒక్క తట్ట తప్పలేదని అయ్య గొప్ప. "తట్టలు తప్పలేదులే, ఉన్నదొక్క పిల్ల పుట్టిన్రోజు మాత్రం ఏటేటా తప్పుతాడు" అని అమ్మ దెప్పు.

ఏప్రిల్లో ఒక పొద్దున్న గట్టు మీదే, ఇరవైమూడో తట్ట దగ్గర, అయ్య గొంతు ఆగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. కాలు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మాట రాలేదు. ఆకలేసినా "ఊఁ", నొప్పెట్టినా "ఊఁ". మనం అన్నది అర్థమవుతందో లేదో కూడా తెలిసేది కాదు. ఎటో చూస్తా కూకునేవాడు. అమ్మ సింహాద్రప్పన్నకి తలనీలాలు మొక్కుకుంది. నాను ప్రతి సోమవారం సెలవెట్టి అయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని, మాట నేర్పే హిమబిందు గారి దగ్గరికి.

హిమబిందు నా ఈడుదే. మంచి పిల్ల, ఎంత ఓపికో. "అలవాటైన వరసలు ముందు తిరిగొస్తాయి, సాయిదుర్గ గారూ. పాటలు, వారాల పేర్లు, లెక్క. మొదటి మాట అందిస్తే చాలు, మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి. నాన్నగారిది లెక్కే కదా, ఒకటి దగ్గర మొదలెట్టండి" అంది. మొదలెట్టాం. పొద్దున్న ఒకటి, మధ్యాన్నం ఒకటి, సాయంత్రం ఒకటి. మూణ్ణెల్లు నానూ అమ్మా కలిసి ఒకటి ఒకటి అని అరిచి చచ్చాం. అయ్య మొహం గోడవేపు తిప్పీసేవాడు.

జులైలో ఒక సోమవారం హిమబిందు సొరుగులోంచి బొమ్మల పుస్తకం తీసింది. గ్లాసు, అన్నం పళ్ళెం, మంచం, మరుగుదొడ్డి. "వచ్చే వారానికి మాట ఏమీ రాకపోతే దీనికి అలవాటు చేద్దామండీ. కావలసింది వేలితో చూపిస్తారు. మనకి కష్టంగా ఉంటుంది గానీ, ఆయనకి తేలిక" అంది. అయ్య ఆ పుస్తకాన్ని ఎడం చేత్తో ఒక్క తోపు తోసీసాడు. కింద పడింది. నాను వంగి తీసి సంచిలో పెట్టుకున్నాను. ఆటో ఎక్కాం. రేవు మొత్తానికి వినబడిన గొంతు ఇంక వేలు చూపిత్తాదేటి అనుకుంటే నాకు ఏడుపాగలేదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. నోటితో అందిత్తే అందుకోడం లేదు కదా, కంటికి అందిద్దాం. ఒక ఎర్ర బటన్, చిన్న తెర. బటన్ నొక్కితే ఒక తట్ట పైకొచ్చినట్టు. తెర మీద చేప పేరు, లెక్క. ఎడం చేత్తో ఆయనే నొక్కుకోవాలి, ఆయన పని ఆయనకివ్వాలి.

సి భాషలో ఇలగ తెర మీద రాయించడానికి ప్రింట్‌ఎఫ్ అని ఒక ఫంక్షన్ తయారుగా ఉంటాది. దానికి ఖాళీలున్న వాక్యం ఇత్తాం. శుభలేఖలు అచ్చేసేవాడి దగ్గర నమూనా ఉంటాది చూడండి, అన్నీ ఉండి పేర్లు మాత్రం ఖాళీ, అదే. ఖాళీ ఉన్నచోట % గుర్తు పెడతాం. %s అంటే ఇక్కడ మాట పెట్టు, %d అంటే ఇక్కడ అంకె పెట్టు. "%s - %d" అని రాసి, వెనకాల చేప పేరు కానాగంతలు, లెక్క పన్నెండు అని ఇచ్చీస్తే, "కానాగంతలు - 12" అని వచ్చీస్తాది.

కానీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న సర్క్యూట్ బోర్డు అగ్గిపెట్టంత. తయారు ప్రింట్‌ఎఫ్‌ని అందులోకి దించితే నా ప్రోగ్రామ్‌కి జాగా మిగల్లేదు. పైగా ఆ తెరకి తెలుగు రాదు, ఒక్కో అక్షరం చుక్కలు చుక్కలుగా మనమే పెట్టాలి. సరే, నా ప్రింట్‌ఎఫ్ నానే రాసుకుంటాను అనుకున్నాను. ఏటుంది అందులో? ఏటేటా పిల్లల చేత రాయించీదే కదా. మధ్యాన్నం క్యారేజీ మూత తియ్యకుండా నాలుగు రోజులు ల్యాబ్‌లో కూకున్నాను.

వాక్యాన్ని ఒక్కో అక్షరం చదువుకుంటా పోవాలి. మామూలు అక్షరమైతే తెర మీద పెట్టీడమే. % కనబడితే ఆగి, పక్కనున్నదేటో చూడాలి. s అయితే వెనక వరసలోంచి మాటని పిలవాలి, d అయితే అంకెని పిలవాలి. ఆ వరసలో ఎవరెవరు నిల్చున్నారో ఫంక్షన్‌కి తెలీదు. మనం ఏ రకంగా పిలిత్తే ఆ రకంగా వత్తారు. తప్పు రకంగా పిలిచామో, చెత్త వత్తాది, లేదంటే ప్రోగ్రామ్ నోరు మూసుకుని కూకుంటాది. ఈ ముక్క క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

శనివారం సాయంత్రానికి బోర్డు తయారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా నొక్కి చూసుకున్నాను, బ్రహ్మాండంగా వచ్చింది. ఇంటికి తెచ్చి అయ్య ముందు ఎత్తుపీట మీద పెట్టాను.

"నాలుగ్రోజులు తిండి మానీసి నువ్వు సేసింది ఇదేటే?" అంది అమ్మ. "కొండని తవ్వి ఎలకని పట్టినట్టుంది. సిన్నపిల్లల పలకైతే పది రూపాయలు."

"నువ్వుండమ్మా" అన్నాను. అయ్య చెయ్యి తీసి బటన్ మీద పెట్టాను. "తట్ట వచ్చింది, అయ్యా. నొక్కు."

నొక్కాడు. 1. నాను "ఒకటి" అన్నాను. అయ్య ఏమీ అనలేదు. మళ్ళీ నొక్కాడు. 2, 3, 4. నాను చెప్తన్నాను, ఆయన నొక్కుతన్నాడు. చూపు మాత్రం తెర మీంచి కదల్లేదు. ఆ మాత్రానికే నాకు సంతోషం. తొమ్మిది తరవాత నొక్కితే "01" అని వచ్చింది.

అయ్య చెయ్యి ఆగింది. ఒకసారి నా మొహం చూసి మళ్ళీ నొక్కాడు. 11. ఇంకోసారి నొక్కాడు. 21.

అంతే, ఎడం చేత్తో పీట మీద దబ్‌దబ్‌మని కొట్టాడు. "ఊఁ! ఊఁ! ఊఁ!" అని కేకలు. తెర వేపు వేలు, నా వేపు వేలు. మొహం ఎర్రగా అయిపోయింది. "ఓలమ్మో, మళ్ళీ వచ్చీసిందే!" అని అమ్మ నీళ్ళ సెంబు కోసం పరిగెట్టింది.

నాకు ఒక్క క్షణం తరవాత అర్థమైంది. పన్నెండో తట్ట దగ్గర ఇరవయ్యొకటేటి అని తిడతన్నాడు! ఆ కోపం నాకు తెలుసు. రేవులో ఎవడైనా తట్ట దాచీస్తే వచ్చే కోపం అది.

తప్పు నాదే. అంకెలు విడదియ్యడానికి పదితో భాగించి శేషం తీత్తే ముందు చివరి అంకె వత్తాది. పన్నెండులో ముందు రెండు వత్తాది, తరవాత ఒకటి. వచ్చింది వచ్చినట్టు తెర మీద పెట్టీస్తే తిరగబడిపోతాది. వాటిని ఒక పక్కన పేర్చుకుని, పైనున్నది ముందు తీసి పెట్టాలి. ఏటేటా పిల్లలు ఇదే తప్పు చేత్తారు, ఏటేటా నాను "మీ బుర్రలేటి అద్దెకిచ్చీసారా?" అని అరుత్తాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా చూసి చాలనుకున్న నా బుర్ర ఎవరికిచ్చీసానో మరి.

అయినా ఆ తప్పు మీద నాకు కోపం రాలేదు. అయ్య కాళ్ళ దగ్గర కూలబడిపోయాను. "నీకు తెలుసయ్యా! లెక్క పోలేదు, నీ దగ్గరే ఉంది!" అని ఆయన మోకాళ్ళు పట్టుకుని ఏడ్చీసాను. సెంబుతో వచ్చిన అమ్మ ఎవరి మొహం మీద నీళ్ళు కొట్టాలో తెలీక నిలబడిపోయింది. అయ్య ఎడం చెయ్యి నా తల మీద పడింది. బరువుగా, వంకరగా పడింది, కానీ పడింది.

అరగంటలో అంకెలు సరిచేసీసాను. కొత్త లూప్‌లో, అదే అంకెలు ఒక్కొక్కటీ తీసే చోట, ఇంకో చిన్న లోపం ఉండిపోయింది. లెక్క సున్నా అయితే లూప్ తిరగదు, అంకె ఉండాల్సినచోట ఏమీ రాదు. బోర్డు ఆన్ చెయ్యగానే "కానాగంతలు - " అని గీత దాకా వచ్చి ఆగుతాది. రేపు చూసుకుందాంలే అని వదిలీసాను.

ఆదివారం పొద్దున్న నుంచి మళ్ళీ మొదలు. ఇప్పుడు లెక్క సరిగ్గా ఉంది కాబట్టి అయ్య బుద్ధిగా నొక్కుతన్నాడు. పన్నెండు రాగానే తలూపేడు కూడా. కానీ నోరు పెగల్లేదు. నాను "ఒకటి" అన్నప్పుడల్లా మొహం చిట్లించీవాడు, అదేదో పరాయి భాషన్నట్టు. పదిసార్లు, ఇరవైసార్లు. తెల్లారితే సోమవారం, సంచిలో బొమ్మల పుస్తకం. మధ్యాన్నం అన్నాల వేళకి నా ఓపిక తెగిపోయింది.

"ఒకటి అనవేటయ్యా! అంత సిన్న మాట! లెక్క తెలుసు, అంకె తెలుసు, నోరు తెరవడానికేటి నీకు? ఒకటి! ఒకటి అను!" అని అరిచీసాను. వీధి గుమ్మం దాకా వినబడి ఉంటాది. అయ్య కళ్ళు దించీసుకున్నాడు. ఆ కళ్ళు చూసి నాకు నా మీదే అసహ్యమేసింది.

అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏటే, ఆడి మీద అరుత్తన్నావు? నలభయ్యేళ్ళు గట్టు మీద లెక్కెట్టిన మనిషి. ఒకటి అన్న మాట మీ అయ్య నోట ఏరోజైనా ఇన్నావేటే నువ్వు? మొదటి తట్టకి ఆడు ఒకటి అంటాడేటి? లాభం అంటాడు గానీ!"

లాభం. అవును. మొదటి తట్టని ఎవరూ ఒకటి అనరు. లాభం, రెండూ, మూడూ. ధాన్యం కొలిచే మా తాతా అలాగే కొలిచేవాడు, చేపల తట్టలకి అయ్యా అలాగే లెక్కెట్టేవాడు, గంప దించేక మొదటి చేపకి అమ్మా అదే అనేది. బళ్ళో ఎక్కాలు నేర్చుకున్న కొత్తలో, "లాభం కాదయ్యా, ఒకటి అనాలి, మా టీచర్ చెప్పింది" అని రేవులో అందరి ముందూ దిద్దింది నానే. అయ్య నవ్వీసి, "ముందు మంచి మాట అనీసుకుంటే తరవాత లెక్కదేటుందే" అన్నాడు. అదెలగ మర్చిపోయాను నాను?

"మరి మూణ్ణెల్లుగా సెప్పవేటమ్మా? నువ్వు కూడా ఒకటి ఒకటి అనే అన్నావు కదా!"

"ఆసుపత్రిలో పెద్ద సదువులు సదివిన పిల్ల ఒకటి అనమంది. నువ్వూ సదువుకున్నదానివే, ఒకటే అన్నావు. రేవు మాట అక్కడ పనికిరాదేటో అనుకున్నాను. సేపలమ్ముకునేదాన్ని, మీకు నాను సెప్పీదేటి?" అంది. కోపంగానే అంది, కానీ కళ్ళు గరిటె మీదే పెట్టుకుంది.

సి భాషలో లెక్క సున్నాతో మొదలు. ఆసుపత్రిలో ఒకటితో మొదలు. మా అయ్య లెక్క ఈ రెండిట్లో ఎక్కడా లేదు. వెనక వరసలో నిల్చున్న మనిషిని మూణ్ణెల్లుగా తప్పు రకంగా పిలుత్తన్నాం, రాలేదని ఆయన్నే తిడతన్నాం.

అన్నం తరవాత తిందామనీసి కూకున్నాను. నా ప్రింట్‌ఎఫ్‌లో s ఉంది, d ఉంది. ఇంకొక అక్షరం కలిపాను: %A. A అంటే అయ్య. అసలు ప్రింట్‌ఎఫ్‌లో ఆ అక్షరానికి వేరే పనుంది, కానీ ఇది నా ఇంటి ఫంక్షన్, నా ఇష్టం. %A వత్తే అంకెని పిలువు, అది ఒకటైతే "లాభం" అని పెట్టు, కాకపోతే మామూలుగా %d లాగే చెయ్యి. నాలుగు లైన్లు. ఇంత చదువుకీ నాకు కావలసింది ఆ నాలుగు లైన్లే.

ఇంక అక్షరాలు మిగిలాయి. గళ్ళ కాయితం మీద పదహారు అడ్డం, పదహారు నిలువు. ఏ గడిలో చుక్క పెడితే తెర మీద అక్కడ వెలుగుతాది. "లా" కుదిరింది గానీ "భం" నాకు ఎంతకీ కుదర్లేదు. కడుపులో గీత కిందికి జారిపోతంది, ఒత్తు నిలబడ్డం లేదు. అమ్మ భుజం మీంచి తొంగి చూసింది.

"ఏటది, సుక్కల ముగ్గా? ఇలా తే."

"అక్షరమమ్మా. నీకు రాదు."

"అచ్చరం నాకు రాదు. ముగ్గు నీకు రాదు. పెద్దగా రాసి సూపించు, సుక్కల్లో నాను పెడతాను" అంది. రాసి చూపించాను. పెన్సిలు ముగ్గుపిండిలాగే పట్టుకుని, వెనక్కి వంగి ఒకసారి చూసి, గడులు నింపీసింది. చదువు రాని మా అమ్మ పెట్టిన "భం" ఇప్పటికీ ఆ తెర మీద అన్ని అక్షరాల కంటే అందంగా ఉంటాది.

సాయంత్రం ఎండ గుమ్మంలో ఉండగానే అయ్యని లేపి కూకోబెట్టాం. బోర్డు ఆన్ చేసాను. "కానాగంతలు - " అని వచ్చి ఆగింది. ఈసారి నాను ఏమీ అనలేదు. అయ్య నొక్కాడు.

కానాగంతలు - లాభం.

అయ్య చూసాడు. తల ముందుకి పెట్టి మళ్ళీ చూసాడు. కుడివేపు జారిపోయిన పెదవి వణికింది. "ల..." అంది నోరు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నలిపీసింది. "లా..." ఇంకోసారి.

"లాభం."

బొంగురుగా, సగం గాలిగా వచ్చింది. కానీ అదే మాట, అదే పాట. ఆయన వేలు వెంటనే బటన్ నొక్కింది. "రెండూ..." నొక్కింది. "మూడూ..." అయిదు దాటేసరికి బటన్ కంటే మాట ముందొత్తంది. పది దాటేసరికి చివర సాగదీత వచ్చీసింది. పదకొండూ, పన్నెండూ. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయారు. పంతొమ్మిదీ, ఇరవయ్యీ.

"ఇరవైమూడూ..." అని ఆగాడు అయ్య.

ఆ రోజు గట్టు మీద ఆగిపోయింది ఇక్కడే. అయ్యకి కూడా తెలుసు, ఆయన కళ్ళల్లో కనబడింది. బటన్ మీద వేలు అలాగే ఉండిపోయింది. నాను అందిద్దామని నోరు తెరిచాను, అమ్మ మోచేత్తో పొడిచింది. "ఉండెహే, తట్టెత్తుకునేటోడు ఊపిరి తీసుకుంటాడు."

అయ్య ఊపిరి తీసుకున్నాడు.

"ఇరవైనాలుగూ..."

అమ్మ రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. నాను అయ్య భుజం మీద తల పెట్టి ఏడ్చాను. అయ్య మాత్రం ఏడవలేదు. నలభై దాకా వెళ్ళిపోయాడు, ఆపమన్నా ఆపలేదు.

సోమవారం పొద్దున్న అమ్మ కూడా మాతో వచ్చింది. హిమబిందు టేబుల్ మీద బొమ్మల పుస్తకం పెట్టీసాను. సంగతి చెప్పేసరికి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టుకుంది. "నన్ను క్షమించండి అప్పలరాజు గారూ, మీ లెక్క ఎలా ఉంటుందో మిమ్మల్ని కాకపోయినా అమ్మగారినైనా అడగాల్సింది" అంది. అమ్మ కొంగు సర్దుకుని, "నాదీ తప్పుందిలే తల్లీ" అంది. అమ్మ తన తప్పుందనడం నాను పుట్టేక అదే మొదటిసారి.

"మాటలు ఇప్పుడే అన్నీ రావండీ, నెమ్మదిగా వస్తాయి" అని నాకు చెప్పి, హిమబిందు అయ్య వేపు తిరిగింది. "ఇవాళ తట్టలు వద్దు. ఈ గదిలో మీవాళ్ళెంతమంది ఉన్నారో లెక్కపెట్టండి చూద్దాం."

బోర్డు సంచిలోనే ఉంది, తెర లేదు, బటన్ లేదు. అయ్య ఎడం చెయ్యి మెల్లగా లేచింది. వెళ్ళి అమ్మ భుజం మీద ఆనింది.

"లాభం" అన్నాడు.

తరవాత చెయ్యి అక్కడే ఉంచి చూపు నా వేపు తిప్పాడు. "రెండూ..."

ముప్ఫయ్యేళ్ళు రేవంతా దద్దరిల్లేలా అరిచిన మా అమ్మ, ఒక్క మాట లేకుండా ఆ చేతి మీద తన చెయ్యి వేసుకుని కూకుంది.

ఆ సున్నా లోపం నా ప్రోగ్రామ్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. పిల్లలైతే మార్కులు కోసీదాన్ని. అయ్య లెక్కలో సున్నాయే లేదు, ఇంట్లో మాత్రం దిద్దాలనిపించలేదు.